రెండో తరగతి పిల్ల, ఐదో తరగతి లెక్కలు

7 జూలై 2025, సోమవారం

మొత్తానికి సాధించాను. ఈరోజు నుంచి మా సాయిప్రియ లెక్కల పీరియడ్‌కి ఐదో తరగతిలో కూర్చుంటుంది. మిగతావన్నీ రెండో తరగతిలోనే. ఏడేళ్ల పిల్ల. హారాలు వేరువేరుగా ఉన్న భిన్నాలను నోటిలెక్కగా కలుపుతోంది. రెండో తరగతి పుస్తకంలో మామిడిపళ్లు లెక్కపెట్టమంటే ఆవలిస్తోంది.

మా అబ్బాయి వెంకటకృష్ణ భద్రాచలం కాన్వెంటు బస్సెక్కిద్దామన్నాడు. ఇరవై ఆరేళ్లు నేను లెక్కలు చెప్పిన బడి ఊళ్లో ఉండగా నా మనవరాలు బస్సెక్కదు అన్నాను. ఆ బడిలో ఇప్పటి లెక్కల సారు ప్రభాకర్ నా దగ్గర చదివినవాడే. లెక్కల్లో ముప్ఫై అయిదు ఏనాడూ దాటలేదు. దాటినవాళ్లు హైదరాబాద్ పోయారు, దాటనివాళ్లు సార్లయ్యారు. ఇప్పటికీ నన్ను చూస్తే చేతులు కట్టుకుంటాడు. నేను అడిగితే కాదంటాడా?

9 జూలై

పిల్ల కుడి అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. ఎవరు కొట్టారే అని గొడుగు పట్టుకుని బయల్దేరబోయాను. నన్నెవరూ కొట్టలేదు నానమ్మా, నేనే కొట్టాను అంది.

రూలట. జవాబు చెప్పిన పిల్ల, చెప్పలేనివాళ్ల ముక్కు ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చెంప మీద ఒక్కటివ్వాలి. ఐదో తరగతిలో పదకొండు మంది. ఈవేళ ఎనిమిది మందికి ఇచ్చింది. చెయ్యి అందకపోతే ప్రభాకర్ బల్ల ఎక్కించాడట.

నవ్వాను. డైరీలో అబద్ధమెందుకు, కడుపుబ్బ నవ్వాను.

10 జూలై

ఈరోజు పదకొండు మందికీ.

15 జూలై, సాయంత్రం 5

పిల్ల చెంప మీద నాలుగు వేళ్లు తేలాయి. పాపం అనిపించి ఇవాళ మెల్లగా కొట్టిందట. మెల్లగా కొడితే, గట్టిగా ఎలా కొట్టాలో సారు కొట్టేవాళ్ల చెంప మీదే చూపిస్తాడు. అదీ రూలే. రేపటి నుంచి గట్టిగానే కొడతాలే నానమ్మా, నువ్వు బాధపడకు అని నన్నే ఓదార్చింది.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని చట్టం వచ్చి పదిహేనేళ్లయింది. సెక్షన్‌తో సహా నాకు కంఠతా వచ్చు. రేపు ప్రభాకర్‌కి ఒప్పజెప్తాను.

16 జూలై

వెళ్లాను. తన కుర్చీ నాకిచ్చి తాను నిలబడ్డాడు. చట్టమంతా చెప్పాను. తల వంచుకుని విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, గిది మీ పద్ధతే గద టీచరమ్మా, నేను కొత్తగ పెట్టిందేం లేదు. నేను ఐదుల ఉన్నప్పుడు కళావతితోని నన్ను గిట్లనే కొట్టిపిచ్చిండ్రు. ఆమె మెల్లగ కొట్టిందని, ఎట్ల కొట్టాల్నో మీరే నా మీద చూపిచ్చిండ్రు. గప్పటి సంది ఈ చెవు వినపడదు.

ఎడమ చెవి. అందుకే కాబోలు, నేను మాట్లాడుతుంటే ఎప్పుడూ తల పక్కకు పెట్టి వింటాడు. వినయమనుకున్నాను ఇన్నాళ్లూ.

కోపంగా అనలేదు. జ్వరమొచ్చిందని సెలవు అడిగినట్టు అన్నాడు. పైగా, గట్ల కొట్టబట్టే నాకు ఆ ముప్ఫై అయిదన్న వచ్చినయి అన్నాడు. మీరు వద్దంటే ఇయ్యాల్నే బంద్ చేస్తా అన్నాడు.

వద్దు అన్న ముక్క నా నోట్లోంచి రాలేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచీ తవ్వుకుంటున్నాను. కళావతి గుర్తుంది, దాని రెండు జడలు గుర్తున్నాయి. ఆ దెబ్బ మాత్రం గుర్తు లేదు. నాకది మామూలు రోజు అయ్యుంటుంది.

పిల్లను వెనక్కి తెచ్చేస్తే మళ్లీ మామిడిపళ్లు. ఒక వారం చూద్దామనుకున్నాను.

22 జూలై

కవిత ముక్కు పగిలింది. మా మిర్చి చేలో పనిచేసే పగిడయ్య కూతురు, పదేళ్లుంటాయి. భాగహారంలో శేషం చెప్పలేకపోయిందట. మా పిల్ల బల్ల మీద నుంచి కొట్టింది. గౌను నిండా రక్తం పెట్టుకుని ఇంటికొచ్చింది, కవిత రక్తం. నిన్ననే చెప్పాను నానమ్మా, అయినా రాలేదు, మొద్దు అంది. గొంతు నాది. మొద్దు అని పంటి కింద నొక్కి పలకడం కూడా నాదే.

పొద్దుగూకేవేళ కవిత తల్లి జంపక్క వచ్చి వాకిట్లో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. తప్పు చేస్తే మేం గూడ కొడతం టీచరమ్మా, రాదని కొట్టం అంది. రానోళ్లకు చెప్పుడు గాదా బడి అంటే అంది.

నేను బి.ఎస్సీ., బి.ఎడ్. జవాబు రాలేదు. నా ముక్కు పట్టుకోవడానికి అక్కడెవరూ లేరు, అంతే.

23 జూలై

బడికి వెళ్లి, అది బంద్ చెయ్యి, పిల్లను రెండో తరగతిలోనే కూర్చోబెట్టు అన్నాను. అట్లనే టీచరమ్మా అన్నాడు ప్రభాకర్. రెండు నిమిషాల పని.

24 జూలై, రాత్రి

బడి వదిలాక కల్వర్టు దగ్గర ఐదో తరగతి పిల్లలు నలుగురు మా పిల్లను పట్టుకున్నారు. గుద్దారు. కింద పడేసి తన్నారు. ఆ తర్వాత కుడిచేతిని కల్వర్టు గోడ మీద పరిచి పట్టుకుని రాయితో కొట్టారు. ఎడమచెయ్యి జోలికి పోలేదు. మూడు వేళ్లు విరిగాయి.

ఆ నలుగురిలో కవిత లేదు. వాచిన ముక్కుతో ఇంట్లో పడుకుని ఉంది. వెంకటకృష్ణ ఆ మాట కనుక్కోలేదు. పార తీసుకుని నేరుగా పగిడయ్య ఇంటికి వెళ్లాడు. వెనకాలే పరిగెత్తాను. అరవై ఎనిమిదేళ్ల కాళ్లతో ఎంత పరిగెత్తితే అంత. నేను చేరేసరికి పగిడయ్య మట్టిలో ముడుచుకుని పడి ఉన్నాడు, వీడు కొడుతూనే ఉన్నాడు. ఒరేయ్ అని అరిచాను. పార కర్ర విరిగాక ఆగాడు, నా అరుపుకి కాదు. పగిడయ్య తల కాచుకున్నాడే గానీ ఎదురు చెయ్యెత్తలేదు. గడపలో కవిత నిలబడి చూస్తోంది.

భద్రాచలం దవాఖానాలో ఇద్దరినీ ఒకే వరండాలో పెట్టారు. పిల్ల చేతికి కట్టు, పగిడయ్య తలకు కుట్లు. సాయిప్రియ ఆ కుట్లను చాలాసేపు చూసింది. కరెంటు తీగ మీద పిట్టల్ని కూడా వదలకుండా లెక్కపెట్టే పిల్ల, ఎన్ని అని నాకు చెప్పలేదు.

26 జూలై

కేసయింది. వెంకటకృష్ణను తీసుకెళ్లారు. చూసింది చూసినట్టు చెప్పి సంతకం పెట్టాను. కోడలు పుష్పలత నాకు అన్నం పెడుతోంది, మాట పెట్టడం లేదు.

మొదటి నుంచి చెప్పుండ్రి మేడం అన్నాడు ఎస్సై. నేను ఆ బడిలో చేరింది 1989 జూన్ అని మొదలుపెట్టాను. పెన్ను ఆపాడు. గవన్నీ ఎందుకు మేడం, మొన్నటిది చెప్పుండ్రి చాలు అన్నాడు.

3 ఆగస్టు, ఆదివారం

పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక, పన్నెండు తొమ్మిదులెంతే అన్నాను. పెదవులు కదిలాయి. వచ్చు దానికి.

తెలియదు నానమ్మా అంది.

ఎడమచేత్తో తన ముక్కు తనే పట్టుకుని, కళ్లు మూసుకుని, చెంప నా వైపు తిప్పింది.