తిలకం బొట్టున్న పైపు

ములకలపల్లి, 2007 ఫిబ్రవరి, శుక్రవారం

బండి ఎత్తు ఎందుకు ఎక్కడం లేదో ఇవాళ ఇంటి ముందే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది. టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే రబ్బరు పైపు అడుగున చీలి ఉంది. చీలిక మీద టేపు చుట్టారు. ఆ టేపు నేను వేసింది కాదు. అసలు ఆ పైపే నాది కాదు. దసరాకు బండి పూజ చేసినప్పుడు, కుంకుమైతే రాలిపోతుందని మా చిన్నది తన తిలకం సీసాతో ప్రతి పైపుకూ బొట్టు పెట్టింది. అన్నిటికీ ఆ బొట్టు ఉంది, దీనికి తప్ప.

దసరా తర్వాత బండి తీసుకెళ్లింది బావ ఒక్కడే, భద్రాచలంలో మొక్కు ఉందని. ఆయనదీ ఇదే రకం బండి; అప్పుడది ఎత్తు ఎక్కడం లేదని నాది అడిగాడు. నల్ల పొగ వస్తోందని చెప్పిన ప్రతిసారీ, "డీజిల్ ఫిల్టర్ మార్చి చూడు బామ్మర్దీ, అది జామైతే గిట్లనే గుంజదు" అన్నాడు. నేను మారుస్తుంటే పక్కన నిలబడి టార్చి కూడా పట్టాడు, దొంగ.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆయన లేడు. ఆయన బండి బానెట్ ఎత్తాను. పైపు మీద ఎర్రటి బొట్టు, కొంచెం వంకరగా.

"ఏంది తమ్మీ, గట్ల చూస్తున్నవ్?" అంది అక్క, చాయ్ గ్లాసుతో వచ్చి.

"ఏం లేదక్కా" అని బానెట్ మూశాను.

రేపు మళ్లీ ఫిల్టర్ మారుస్తానని మొన్న చెబితే బావ వస్తానన్నాడు, టార్చి పట్టడానికి.