సాల్వియా తేనె

ముందే చెబుతున్నాను, చిట్టి బాగానే ఉంది. అది మనసులో పెట్టుకుని తక్కినది చదువు.

ఇక్కడ అక్క పెరట్లో ఎర్ర సాల్వియాలు విరగబూశాయి. నిన్న పొద్దున, తెల్లదోమ పట్టిందని బావ వాటికి మందు కొట్టి, ఎవరితోనూ చెప్పకుండా పనికి వెళ్లిపోయాడు. మన ఇంట్లో నువ్వు మొక్కల దగ్గరికి మందు వాసన కూడా రానివ్వవు కదా, పువ్వు పీకి తేనె పీల్చడం చిట్టికి అలవాటే. నేను చూసేసరికి పీల్చేసిన పువ్వులన్నీ మెట్టు మీద వరసగా పేర్చుకుని కూర్చుంది. "నాన్నా, ఇక్కడి తేనె చేదు" అంది. దాన్ని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరు కళ్లూ నాలుకా చూసి, "ప్రస్తుతానికి భయం లేదు, కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు. అప్పటినుంచి అది తుమ్మినా ఉలిక్కిపడుతున్నాను. బావ మా మొహం చూడలేకపోతున్నాడు. నువ్వు కూడా ఏమీ అనకు.

పక్కింటివాళ్లు మందు కొడితే గోడ దగ్గరి సాల్వియా కుండీలు ఇవతలికి జరుపు. కుళాయి బాగుచేయించావా? కార్డు ముందు అత్తయ్యగారి చేతికే వస్తుందని తెలుసు. అత్తయ్యగారూ, నమస్కారం, కంగారు పడకండి. చిట్టి నీకు ముద్దులు రాయమంది.

అంచున కాస్త చోటుంది కాబట్టి రాస్తున్నాను. రోజూ ఆ పూల మీద వాలే తేనెపిట్ట నిన్నటినుంచి రాలేదు. చిట్టి కిటికీ దగ్గరే నిలబడి అడుగుతోంది, "దాన్ని కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారా నాన్నా?"