మూడు ఊళ్లలో ఒకే పీత

చైతన్య అన్నయ్యకు రసజ్ఞ నమస్కారం. నల్లగండ్లలో నేను బాగానే ఉన్నాను. కాకినాడలో నువ్వు, వదిన, పాప కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. ఐసు పెట్టెలో పీత కాళ్ల గొట్టాలతో పాటు నువ్వు పెట్టిన ఉత్తరం చదివాను. ఫోన్ చేయకుండా ఎందుకు రాస్తున్నానంటావా, నీ గొంతు వింటే నువ్వేం చెప్పినా నమ్మేస్తాను.

హాస్టల్ మారావా అని అడిగావు. ఇంకా లేదు, ఇక్కడైతే ల్యాబుకు బస్సు సులువు. మా పరిశోధన వ్యాసంలో నీ పేరు అచ్చవుతుందా అని కూడా అడిగావు. అవదు.

నేను కోరింది ఇంతే. భీమిలి, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ఒక్కోచోట పది పీతలు, ఒక్కో పీత నుంచి ఒక్క కాలు. మూడు చోట్లవీ ఒకే కుదురువా, వేర్వేరువా అని వాటి జన్యువుల్లో చూస్తాం. దాన్ని బట్టే ఏ రేవులో ఎన్నాళ్లు వేట ఆపాలో చెబుతారు. వలలు వేసేవాళ్ల తిండి దాని మీద ఉంది, నీ పీతల వ్యాపారం కూడా.

ఫలితాలు వచ్చిన రోజు నా పక్కన పనిచేసే ప్రియదర్శిని తెర చూసి, “ఏంది రసజ్ఞా, గీ పీత మూడు ఊళ్లల్ల ఎట్ల దొరికింది?” అంది. ఏ రెండు పీతల జన్యువులూ అచ్చంగా కలవవు. మూడు ఊళ్ల పేర్లతో పంచిన ముప్పై గొట్టాల్లో ఉన్నవి మూడే పీతల కాళ్లు. పీతకు పది కాళ్లు కదా, లెక్క సరిపోయింది నీకు. కాలు తీసిన పీతను ఎగుమతివాళ్లు కొనరని నాకూ తెలుసు. ముప్పై పాడవుతాయని, కాకినాడ కదలకుండా మూడింటితో సరిపెట్టావు.

ఆ మాటే చెబితే సర్దుకునేదాన్ని. నిజాంపట్నంలో వానకు తడిసి జ్వరం తెచ్చుకున్నానన్నావు. నేను ఏడ్చాను అన్నయ్యా. భీమిలిలో ఒక ముసలాయనను గంటసేపు బతిమాలానన్నావు. ఆ ముచ్చట ల్యాబంతా చెప్పి మురిసిపోయాను. నన్ను అంత తేలిగ్గా మోసం చేశావు.

ఇక నా సిగ్గుమాలినతనం కూడా విను. గొట్టాలు సీతాబాయి కలగాపులగం చేసిందని మా గైడ్ మేడమ్ అనుమానించారు. ల్యాబులో గొట్టాలు కడిగి సర్దేది సీతాబాయే, రోజూ బోరబండ నుంచి వస్తుంది. “నేను గలత్ పని చెయ్యలే బిడ్డా, నువ్వన్న జెప్పు” అని నన్ను అడిగింది. నిన్ను కాపాడుకోవాలని నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఐదో రోజు ఆమెను పనిలోకి రావద్దన్నారు. అప్పుడు అందరి ముందూ నీ పేరు చెప్పాను. ఆమె పని నిలబడింది. నా పీహెచ్‌డీకి ఒక ఏడాది పోయింది. సీతాబాయి నాతో ఇంకా మాట్లాడటం లేదు.

సోమవారం నుంచి మూడు రేవులూ నేనే తిరుగుతాను. భీమిలి నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో మన ఊరు వస్తుంది. నా కోసం వంట చేయొద్దని వదినకు చెప్పు. నేను దిగను.

ఇట్లు,
నీ చెల్లెలు
రసజ్ఞ