వెండి రంగు కింద నంబరు

నాంపల్లి, హైదరాబాద్
14 నవంబరు 2024

అబిడ్స్‌లో ఉంటున్న శ్రీమతి కోటేశ్వరమ్మ గారికి,

నాంపల్లి మెకానిక్ వెంకటేశం కూతురు ప్రణవి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మీరూ మీ మనవరాలు సంహితా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేం బాగున్నాం.

మొన్న ఫోన్ చేశాను. నాన్న పేరు వినగానే మీరు పెట్టేశారు. తప్పు పట్టడం లేదమ్మా. ఉత్తరమైతే కోపం వచ్చినప్పుడు పక్కన పడేసినా మళ్లీ తీసి చదవొచ్చు కదా అని రాస్తున్నాను.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. ఆటోమొబైల్ డిప్లొమా చదివి, మీ ఇంటికి దగ్గర్లోనే ఒక బీమా సర్వేయర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. దెబ్బతిన్న బండ్లను చూసి, ఏది ఎంత చేస్తుందో రాయడమే నా ఉద్యోగం.

ఇక విషయానికి వస్తాను. మా షెడ్డు స్థలంలో యజమాని బిల్డింగు కడుతున్నాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి. సామాన్లన్నీ అమ్ముడుపోయాయి, చేతి పనిముట్లూ మూలనున్న ఆ పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తప్ప. తుక్కు కొనే ఆయన వచ్చి దాన్ని అల్యూమినియం కింద తూకానికి ఇమ్మన్నాడు. నాన్న ఇంతెత్తున లేచాడు. "దసరా దసరాకు పసుపు కుంకుమ పెట్టినదాన్ని కాంటా మీద పెట్టుమంటున్నవా? నడువ్, ముందు బయటికి నడువ్!" అన్నాడు. ఆయన పోతూ పోతూ నాతో, "మీ నాయిన దానికి పెండ్లి గూడ చేస్తడేమో, అడుగమ్మా" అని నవ్వాడు.

తర్వాత మహీధర్ గారని, పాత అమెరికన్ కార్లు సేకరించే ఒకాయన వచ్చారు. ఆయన, "వెంకటేశం, గిది ఏ బండిదో రుజువు లేకుంటె నేను గుడ్డిగ కొనను. నీ బిడ్డ చదువుకుంది గదా, తేల్చుమను" అన్నారు. అలా ఈ పని నాకు పడింది.

పాడైందని చెప్పి నాన్న మీ ప్లిమత్ కారులోంచి దింపిన గేర్‌బాక్స్‌ను చూపించమని 1996లో మీరు మా షెడ్డుకు వచ్చారు. దాన్ని చూసి ఏమన్నారో నాన్న ఇప్పటికీ మీ గొంతుతోనే చెప్తాడు: "మాది నల్లగా జిడ్డు కారుతుండేది. ఇదేంటయ్యా, పెళ్లికొడుకులా మెరుస్తోంది? మాది అమ్మేసుకుని ఎవరిదో తెచ్చి చూపిస్తున్నావా?" మీరలా అనుకోవడంలో వింతేమీ లేదు. అంతకు ముందు వారమే ఆయుధ పూజ. షెడ్డులో ఉన్న ప్రతి ఇనుప ముక్కనూ కడిగి వెండి రంగు పూయడం నాన్నకు అలవాటు. మీ గేర్‌బాక్స్‌కూ పూసేశాడు. రంగు కింద దాని నంబరు మునిగిపోయింది. ఆ తర్వాత ఏటా మరో పూత పడింది.

నేను ముందు ఆకారం చూశాను. ఇంజన్ వైపు గంటలా విచ్చుకునే భాగం విడిగా బిగించినది కాదు, ఒకే పోతలో వచ్చింది. అడుగున ఉండే ఆయిల్ చాంబర్ ఆకారం కూడా చూస్తే, ఇది పెద్ద ఇంజన్ ఉన్న ప్లిమత్ కార్లకు వేసిన టార్క్‌ఫ్లైట్ అనే రకం అని తేలింది. దీనికి తమ్ముడిలాంటి చిన్న రకం ఒకటుంది. చాలామంది అక్కడే పొరబడతారు.

ఆ తర్వాత రంగు తీయడం మొదలుపెట్టాను. గీకితే అంకెలు పోతాయని మందు రాసి, గుడ్డతో తుడిచాను. రెండు ఆదివారాలు పట్టింది. పొరల మధ్య పసుపు కూడా వచ్చింది. అడుగున చిన్న చదునులో అంకెలు కనబడ్డాయి. ఆ కాలంలో కారు చాసిస్ నంబరు చివరి అంకెలనే గేర్‌బాక్స్ మీద కూడా కొట్టేవారు.

మీ కారు చాసిస్ నంబరు ముందు అద్దం లోపల చిన్న రేకు మీద ఉంటుంది. సంహితను అడిగితే మీ ఇంటి కారు షెడ్డు తెరిచి ఫోటో తీసి పంపింది. ఆమెను కోప్పడకండి. రెండూ ఒకటే అమ్మా. ఇది మీదే. ఎవరూ అమ్ముకోలేదు. రెండు ఫోటోలూ దీనితో జతచేశాను.

విలువ సంగతి. తుక్కు కింద అయితే వచ్చేది కొద్ది వేలే. విడి గేర్‌బాక్స్‌గా అయితే మహీధర్ గారు మంచి ధరే ఇస్తారు. కానీ దాని సొంత కారులో తిరిగి చేరితే, కారుకూ దీనికీ కలిపి విలువ ఎక్కడికో పోతుంది. నంబరు చూశాక మహీధర్ గారే ఆ మాట ఒప్పుకున్నారు. "అమ్మగారు ఔ అంటె బండితోపాటు కొంట, లేకుంటె దాన్ని విడిగ ముట్టను" అన్నారు. పెద్దమనిషి.

స్థితి గురించి కూడా రాయాలి. రబ్బరు సీళ్లు ఎండిపోయాయి, మార్చాలి. ఆయిల్ చాంబర్ విప్పి చూశాను. ఇనుప పొడి లేదు, కాలిన వాసన లేదు, క్లచ్ ప్లేట్లు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి.

అమ్మడమా, ఉంచుకోవడమా అన్నది మీ ఇష్టం. నెలాఖరులోగా ఒక్క మాట చెప్పండి. అప్పటికీ మీ నుంచి కబురు లేకపోతే ఆటో ట్రాలీలో తెచ్చి మీ గేటు దగ్గర దింపి వెళ్తాం. మాకేమీ ఇవ్వనక్కర్లేదు. మా నాన్న దొంగ కాడని మీకు తెలిస్తే చాలు.

వినయంతో,
వెంకటేశం కూతురు
ప్రణవి

తా.క. ఉత్తరం ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కానీ నివేదికలో తెలిసిన సంగతి దాచకూడదని మా ఆఫీసులో నేర్పారు. లోపల ఏ చెడూ లేనప్పుడు దాన్ని ఎందుకు దింపావని నాన్నను అడిగాను.  స్పానర్లు తుడుస్తూ చెప్పాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర మీరు నడుపుతున్న కారు ఒక రిక్షాకు రాసుకున్న మరునాడు, మీవారు శ్రీరామమూర్తి గారు వచ్చారట. "నేను నడపొద్దంటే ఆవిడ వినదు వెంకటేశం. గేర్‌బాక్స్ పోయిందని నువ్వు చెప్పు. జీపుది వేసెయ్" అన్నారట. జీపు గేర్‌బాక్స్‌తో క్లచ్ పెడల్ వస్తుందని, బలం లేని మీ ఎడమ కాలితో దాన్ని తొక్కి మీరు నడపలేరని ఇద్దరికీ తెలుసు. "సార్ పోయినంక ఆయన మీద చెప్పుడు మంచిది గాదనుకున్న బిడ్డా. నన్ను దొంగ అన్నా ఊకున్న. గని అమ్మ బండి ఆపింది నేనే గదా" అన్నాడు నాన్న. ప్రతి దసరాకు దాని నూనె మార్చి, షాఫ్టు చేత్తో ఒక తిప్పు తిప్పేవాడు. అది భక్తి అనుకున్నాను ఇన్నాళ్లూ.

సంహిత పంపిన ఫోటోలో డ్రైవరు సీటు ఇంకా ముందుకే జరిపి ఉంది. మీరు పొట్టిగా ఉంటారట కదా. నాన్నకు చూపించాను. మీరు రమ్మంటే పనిముట్లు తీసుకుని వస్తానంటున్నాడు. అన్నిటికంటే ముందు ఆ మూడో పెడల్ పీకేస్తాడట.