గిబ్బీ పీటు గడ్డల మీద బోంక్సీ

ఫూలా దీవి, జూన్ 3

లెర్విక్ పక్షుల మండలి ఆఫీసరు గారికి గిబ్బీ ఇస్బిస్టర్ మొరపెట్టుకుంటూ రాసేది.

అయ్యా, నడుం విరిగేలా తవ్వి ఆరేసిన మా పీటు మట్టిగడ్డల మధ్య ఒక బోంక్సీ పక్షి గుడ్లు పెట్టింది. ఆ గడ్డలు మండితేనే చలికాలం మా పొయ్యి వెలిగేది. ఇప్పుడు తిరగేసి నిలబెట్టకపోతే మళ్ళీ బురదైపోతాయి. దగ్గరికెళ్తే ఆ దొంగముండ మీదపడి నెత్తిన తంతోంది. కర్ర పట్టుకెళ్ళినా వదల్లేదు. దాన్నెక్కడికైనా తీసుకుపోండి బాబూ.

మీ దయ కోసం చూసే,
గిబ్బీ

తా.క. మా ఆవిడ ఓస్లా నెత్తిన బకెట్టు బోర్లించుకుని వెళ్ళింది. దారి కనపడక గొర్రె మీద పడింది. గొర్రె కుంటుతోంది. తిట్లు మాత్రం నాకే.

లెర్విక్, జూన్ 12

శ్రీ ఇస్బిస్టర్ గారికి,

పక్షిపై కర్రతో దాడి చేసినట్లు మీరే ఒప్పుకున్నారు. ఇది నేరము. పిల్ల ఎగిరిపోవువరకు గూటికి రెండు వందల గజాల దూరంలో ఉండవలెను.

భవదీయుడు,
పెన్‌ఫోల్డ్

తా.క. బకెట్టు గుడ్ల కోసమా?

ఫూలా, జూన్ 20

ఈ దీవులకు కొత్తగా వచ్చిన పెన్‌ఫోల్డ్ గారికి,

అయ్యో దేవుడా! కర్ర కొట్టడానికి కాదయ్యా, కొట్టించుకోడానికి! ఏది ఎత్తుగా ఉంటే బోంక్సీ దాన్నే తంతుంది. ఇక్కడ పాస్టరుగారు కూడా నెత్తి పైకి కర్ర ఎత్తి పట్టుకునే కొండెక్కుతారు. మీరు చెప్పినట్టే దూరంగా గోడ మీద కూర్చుని, పొద్దస్తమానం ఆ గూటికేసే చూస్తున్నాను. ఒకటే వాన. నా గడ్డలు కరిగిపోతున్నాయి. ఏడుపొస్తోందయ్యా.

దిక్కులేని,
గిబ్బీ

తా.క. ఓస్లా కూడా వచ్చి కూర్చుంది. ఇద్దరికీ మాటల్లేవు.

లెర్విక్, సెప్టెంబరు 25

గౌరవనీయులైన ఇస్బిస్టర్ దంపతులకు,

మిమ్మల్ని అపార్థం చేసుకున్నాను, మన్నించండి. వానలో, కన్నీళ్ళతో, మౌనంగా గూటికి కాపలా కాశారు! మీ ఉత్తరం చదివి వినిపిస్తే సభ్యులందరి కళ్ళూ చెమర్చాయి. పిల్ల క్షేమంగా ఎగిరిందట. మీ సేవకు గుర్తుగా ఆ పీటు నేలను శాశ్వతంగా పక్షులకే కేటాయించాము. ఇక మనుషులెవరూ అందులో అడుగు పెట్టరు. యోగ్యతాపత్రం పంపుతున్నాము.

మీ అభిమాని,
పెన్‌ఫోల్డ్

తా.క. బోంక్సీలు చలికాలం స్పెయిన్ వైపు పోతాయి. వాటికి చలేస్తుందని దిగులు పడకండి.

ఫూలా, డిసెంబరు 9

పెన్‌ఫోల్డ్ గారికి,

యోగ్యతాపత్రం అందింది. దళసరి అట్ట, ఓక్ చెక్క చట్రం. చెట్టన్నది లేని ఈ దీవిలో అంత చెక్క చూసి ఎన్నాళ్ళయిందో. రెండూ బాగా కాలాయి. టీ నీళ్ళు గోరువెచ్చనయ్యాయి.

ఇట్లు,
గిబ్బీ, ఓస్లా

తా.క. ఇంకే పక్షినైనా కాపాడాలా? చట్రం కాస్త పెద్దది పంపండి.