ఆఫ్ నొక్కిన చెయ్యి

మార్చి 4, ఉదయం

స్కోప్ వచ్చింది, కరెంటు ఎగుడుదిగుళ్ళని తెర మీద గీతగా చూపించే యంత్రం. సెకండ్ హ్యాండ్. తెర మూల మచ్చ పడింది, ఒక నాబ్‌కి టోపీ లేదు. నాకంటే నయం. వంటగది బల్ల మీద పెట్టాను, ఈ ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్ అక్కడ ఒక్కటే. ఇకనుంచి నిలబడి తినాలి. ఎదురుగా కూర్చునేవాళ్ళు ఎలాగూ లేరు.

ఫ్యాక్టరీ వాళ్ళ ఎంక్వైరీ రిపోర్టు మళ్ళీ చదివాను. పేజీల కొద్దీ రాసి చివరికి చెప్పింది ఒక్క మాట: నిర్లక్ష్యం. ఇన్వర్టర్ బోర్డులు పరీక్షించే టెస్ట్ బెంచ్ ఆపరేటర్‌కి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. నడుస్తున్న బోర్డులో చెయ్యి పెట్టాడట. మేనేజర్ చేస్తే అది లోపం. డిజైనర్ చేస్తే పరిమితి. చేతులతో పని చేసేవాడు చేస్తే మాత్రం నిర్లక్ష్యం. మాటలకు కూడా ఆఫీసర్ల క్యాంటీన్ వేరు, వర్కర్ల క్యాంటీన్ వేరు.

లేబర్ ఆఫీసర్ దగ్గర విచారణ 27న. ఆ మాట అక్కడ నిలబడిందంటే ఆయనకు ఉద్యోగం లేదు, పరిహారం లేదు, బతికున్నంత కాలం తన చెయ్యి తనే పోగొట్టుకున్నవాడన్న పేరు మాత్రం ఉంటుంది. పేలిన బోర్డు చూపించమంటే స్క్రాప్‌లో వేశాం అన్నారు. సరే. డ్రాయింగ్ కాపీ కార్మిక సంఘం కార్యదర్శి ఎలాగో సంపాదించాడు. ఆ బోర్డు నేనే కడతాను.

ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో డిజైన్ సెక్షన్‌లో ఉండేదాన్ని. వాదిస్తున్నానని పంపించేశారు. ఇప్పుడు కక్షతో చేస్తోంది అంటున్నారు. ఉంటే ఉంది. నాకు కక్ష ఉందని వాళ్ళ బోర్డు మంచిదైపోదు.

మార్చి 6

గేట్ డ్రైవర్ అంటే ఆ బోర్డులో కాపలా మనిషి. మూడు వందల వోల్టుల మీద రెండు స్విచ్‌లు ఉంటాయి, పైనొకటి కిందొకటి, కరెంటుకు తలుపుల్లాగా. రెండూ ఒకేసారి తెరుచుకుంటే కరెంటుకు అడ్డేముంది, పేలుడే. ఒకటి మూశాకే రెండోది తెరవడం డ్రైవర్ పని. ఇలాంటి కాపలాకు మంచి చిప్‌లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. ఫ్యాక్టరీ వాళ్ళు అవి కొనకుండా నాలుగు ట్రాన్సిస్టర్లతో సరిపెట్టారు. ప్రెజెంటేషన్‌లో దాని పేరు ‘ఆప్టిమైజేషన్’.

ఈ రోజు ఒక స్విచ్ కాలింది. ఎక్కువ కరెంటు పారకుండా సీరీస్‌లో బల్బు పెట్టాను కాబట్టి ఇల్లు నిలిచింది. పై అంతస్తు నుంచి ఇంటావిడ దిగి వచ్చి ఏం మాడబెట్టావమ్మా అని అడిగింది. ట్రాన్సిస్టర్లు అన్నాను. మంట తగ్గించి పెట్టుకోమంది.

మార్చి 8

ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం ఒక రాంగ్ నంబర్ వచ్చింది. కొంచెం సేపు మాట్లాడాం.

మార్చి 11, మధ్యాహ్నం

దొరికింది!

పై స్విచ్ తెరుచుకున్న క్షణంలోనే కింది స్విచ్ గేటు మీద, అంటే ఆ తలుపుని తెరిచే చోట, ఒక స్పైక్. సూదిలా, తొమ్మిది వోల్టుల ఎత్తున. మూసి ఉండాల్సిన తలుపు తెరుచుకోవడానికి ఆ ఎత్తు చాలు, ఎక్కువే. అంటే డ్రైవర్ కాపలా కాయడం లేదు. అంటే ఆయన చెయ్యి ఎక్కడున్నా బోర్డు పేలేదే. ఫొటో తీశాను. నాబ్‌లు తిప్పి స్పైక్‌ని తెర నిండా తెచ్చి మళ్ళీ తీశాను. పెద్దగా నవ్వాను. నవ్వు గోడలకు తగిలి తిరిగొచ్చాక ఇంకెవరో నవ్వినట్టు అనిపించింది.

వెంటనే ఆయన భార్యకు ఫోన్ చేశాను. అక్కా, అయితే మా ఆయన తప్పు లేదని రాసేస్తారా అని అడిగింది. రాయక చస్తారా అన్నాను. ఫోన్ పెట్టకుండా కాసేపు ఏడ్చింది, నేను వింటూ నిలబడ్డాను.

మార్చి 13

రిపోర్టు ఇచ్చేశాను, ఫొటోలతో సహా. కార్యదర్శి ఎగిరి గంతేశాడు. కరపత్రం నన్నే రాయమన్నాడు. ఒక్క ఊపున రాశాను. ‘ఈ సూది మూడు వేళ్ళను తెంచింది’ అని హెడ్డింగు. చాలా ఏళ్ళ తర్వాత మంచి వాక్యం రాశాను. నాతో బతకడమంటే రోజూ మీటింగ్‌కి హాజరు కావడమే అని వెళ్ళిపోయిన మనిషికి ఒక కాపీ పంపుదామా అనుకున్నాను. అడ్రస్ లేదు.

మార్చి 17, పొద్దున

తప్పు.

స్కోప్‌కి తగిలించి కొలిచే ప్రోబ్‌కి రెండు కొసలు. మొనతో కొలవాలనుకున్నచోట ముట్టుకుంటాం, జానెడు తీగ చివర ఉన్న మొసలి క్లిప్పుని గ్రౌండ్‌కి తగిలిస్తాం. ఇవాళ బోర్డు నడుస్తుండగా బల్ల సర్దుతుంటే మొన జారి ఆ క్లిప్పు మీదే పడింది. అంటే తనను తాను కొలుచుకుంటోంది. తెర మీద గీత చదునుగా ఉండాలి.

స్పైక్ ఉంది. అదే సూది.

ఆ జానెడు తీగే ఏరియల్‌లా పక్కన ఎగురుతున్న కరెంటునంతా పట్టుకుని నాకు చూపించింది. కొలిచేముందు మొననీ క్లిప్పునీ కలిపి చూడండి అని కొత్తగా చేరిన ప్రతివాడికీ క్లాసు పీకేదాన్ని. ఈసారి చూడలేదు. మరిచిపోయానని రాస్తే అబద్ధం. కావలసింది కనిపించాక ఎవరు చూస్తారు?

క్లిప్ పీకేసి, ప్రోబ్ మెడకు రాగి తీగ చుట్టి, పొట్టి గ్రౌండ్ పెట్టాను. స్పైక్ ఒక్క వోల్టుకు పడిపోయింది. దానికి ఏ తలుపూ తెరుచుకోదు.

మార్చి 18

సంఘం ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. కరపత్రాల కట్టలు అప్పుడే ప్రెస్ నుంచి వచ్చాయి, ఇంకా సిరా వాసన పోలేదు. కార్యదర్శి తలుపు వేశాడు. వాళ్ళ లాయరుకు స్కోప్‌కీ టీవీకీ తేడా తెలీదు, నువ్వు నోరు విప్పకపోతే లోకంలో ఎవరికీ తెలీదు, అయినా ఇరవై ఏళ్ళలో నువ్వు నోరు మూసుకున్నది నేనెప్పుడూ చూళ్ళేదు, ఈ ఒక్కసారికి ప్రయత్నించు అన్నాడు. వాళ్ళు బోర్డే మాయం చేశారు, మనం ఒక గీత ఉంచుకుంటే మహాపాపమా అన్నాడు.

బస్సులో దారంతా అతని పక్షాన వాదించాను. బాగా వాదించాను. కానీ వాళ్ళ అబద్ధానికి ఫ్యాక్టరీ ఉంది, లాయరున్నాడు, లెటర్‌హెడ్ ఉంది. మన అబద్ధానికి ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు. రేపు ఎవడో ఒక్క ఇంజినీరు వచ్చి మొన, క్లిప్ కలిపి చూపించాడంటే కూలేది నేను కాదు, ఆయన. దిగేసరికి వాదన నా చేతిలోంచి జారిపోయింది.

మార్చి 19, సాయంత్రం

ఆపరేటర్ వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది, మంచం మీద ఆయన. కుడిచెయ్యి దిండు మీద ఉంది, పక్కన పడుకోబెట్టిన పసిబిడ్డలాగా. మొత్తం చెప్పాను. భార్య గ్లాసులు కడుగుతూ వింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగింది.

“అయితే ఏం లేనట్టా అక్కా? ఏం లేకపోతే ఆయన వేళ్ళెటు పోయినయి?”

జవాబు లేనప్పుడు నేను మామూలుగా గొంతు పెంచుతాను. ఆ గదిలో అదీ రాలేదు. ఊరికే, ఏదో ఒకటి అనాలని, ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను ఆయన్ని. మూడు నెలల్లో అందరూ అడిగింది గ్లౌజుల గురించే. ఎంక్వైరీవాళ్ళు, పోలీసులు, సంఘం, నేను. వేసుకున్నావా లేదా. వేసుకున్నాడని నిరూపించే పనిలో ఉన్నాం మేము.

“ఆపుతుంటే పేలింది మేడమ్” అన్నాడు. “ఆఫ్ నొక్కిన. బటన్ బోర్డు పక్కనే కద ఉండేది.”

ఆన్ చేస్తున్నప్పుడు కాదు. నడుస్తున్నప్పుడు కాదు. రెండు వారాలుగా నేను నడుస్తున్న బోర్డునే కొలుస్తున్నాను. నడుస్తున్న బోర్డులో చెయ్యి పెట్టాడన్న వాళ్ళ కథను తప్పని అరుస్తూనే, నా వంటింట్లో వాళ్ళ కథనే నడిపాను.

మార్చి 21

ఆఫ్ నొక్కితే ఏమవుతుందో ఇప్పుడు చూస్తున్నాను. స్కోప్‌ని సింగిల్ షాట్‌లో పెట్టి వదిలేశాను, ఒక్కసారి పట్టుకుని ఆగిపోయేలా. పొట్టి గ్రౌండ్. మొన, క్లిప్ పని ముందే చూశాను, చదునుగా ఉంది. మళ్ళీ చూశాను. మళ్ళీ.

మూడోసారి ఆపినప్పుడు బోర్డు పేలింది. ఒక ముక్క వచ్చి అలమర తలుపులో దిగబడింది. దిగబడిన చోటు సరిగ్గా నా మెడ ఎత్తు. కాసేపు నేల మీద కూర్చున్నాను. చెవుల్లో హోరు. ఇలాంటి పనికి పక్కన ఇంకో మనిషి ఉండాలి, మెయిన్ ఆపడానికి. నేను ఎవరిని పిలుస్తాను?

లేచి తెర చూశాను. ఉంది.

ఆఫ్ నొక్కగానే డ్రైవర్‌కి తిండి పెట్టే పదిహేను వోల్టులు మెల్లగా జారిపోతున్నాయి. పైన మూడు వందలు మాత్రం కరెంటు దాచుకునే కెపాసిటర్లలో అలాగే ఉన్నాయి. కాపలావాడు నీరసించి పడిపోయాడు, ఏనుగు ఇంకా వాకిట్లోనే ఉంది. గేటు మూసుకోలేదు. సగం తెరిచి నిలబడిపోయింది. పూర్తిగా తెరిచిన స్విచ్ చల్లగా ఉంటుంది, పూర్తిగా మూసింది చల్లగా ఉంటుంది. సగం తెరిచినదే కాలిపోతుంది. తిండి తగ్గగానే రెండు తలుపులూ మూసేసే ఏర్పాటు ఆ రెడీమేడ్ చిప్‌లో ఉంటుంది. వాళ్ళు ఆప్టిమైజ్ చేసింది దాన్నే.

ఆయన ఆపాడు. ఆపినందుకే పోయాయి వేళ్ళు.

నవ్వు రాలేదు ఈసారి. ఇంకో బోర్డు కట్టాలి, మళ్ళీ రావాలి ఇదే గీత, లేకపోతే నమ్మను.

మార్చి 24

వచ్చింది. అలమరకు పరుపు కట్టాను.

మార్చి 27

విచారణ. మొదటి రిపోర్టు తప్పని ముందు నేనే చెప్పాను, ఎందుకు తప్పో ప్రోబ్ పట్టుకుని చూపించాను. గదిలో అందరూ నన్ను చూస్తుంటే సంతలో నోరు తెరిపించి పళ్ళు చూసే గొడ్డులా ఉంది నాకు. తర్వాత రెండో గీత చూపించాను.

వాళ్ళ లాయరు తీరిగ్గా లేచాడు.

“మేడమ్ గారూ, ఇంకో వారం ఆగితే మూడోది కూడా చూపిస్తారా?”

నవ్వారు. కార్యదర్శి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తప్పని తేలితే అదీ వచ్చి చెప్తానన్నాను, మీవాళ్ళు మాత్రం మొదట అన్న మాటనే పట్టుకుని మూడు నెలలుగా కూర్చున్నారన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆఫీసరమ్మ టేబుల్ మీద పెన్నుతో కొట్టి నన్ను కూర్చోమంది. ఆపరేటర్‌ని పిలిచి ఆ చెయ్యి ఎక్కడుందని అడిగింది. బటన్ మీద అన్నాడు. ఏ బటన్? ఆఫ్.

ఆమె లాయరు వైపు తిరిగింది. ఆపడం నిర్లక్ష్యమెలా అవుతుందని లాయర్నే అడిగింది. అతను కాగితాలు తిరగేశాడు. నిర్లక్ష్యం అన్న మాట రికార్డులోంచి కొట్టేయమంది. ఇంకో బోర్డు తెచ్చి బయటి ఇంజినీర్లతో పరీక్ష చేయించమంది. అంతదాకా ఆయన్ని ఉద్యోగంలోంచి తీయడానికి వీల్లేదు.

గెలుపు అనాలా దీన్ని? ఫ్యాక్టరీ తప్పు అని ఎక్కడా రాయలేదు. పోరాటంలో సగం గెలుపును గెలుపనకూడదని నేనే ఎన్నో మీటింగుల్లో బల్ల గుద్ది చెప్పాను. మెట్ల మీద ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది, ఆటో వస్తే వదిలేసింది. ఆటోలోంచి ఆయన ఎడమ చెయ్యి ఎత్తాడు. కార్యదర్శి కరపత్రాల కట్ట చంకన పెట్టుకుని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ మంచి వాక్యం ఇక ఎవరూ చదవరు.

నేను నడిచి వచ్చాను. దారంతా లాయరుకు జవాబులు చెప్తూనే ఉన్నాను. ఒకటి చాలా బాగా వచ్చింది.

మార్చి 30

పని లేదు. స్కోప్ ఆన్ చేశాను. ప్రోబ్‌ని దేనికీ కలపలేదు. చదును గీత. వేలితో మొన ముట్టుకున్నాను. పెద్ద అల లేచింది, నింపాదిగా, గుండ్రంగా. గోడల్లోని కరెంటంతా నా ఒంట్లోంచి పోతోంది. తీస్తే పోయింది. మళ్ళీ పెట్టాను.