మూడో వరసలో ఎనిమిదోవాడు

చిరంజీవి పిడుగుకి,

అత్తయ్య కుట్టుమిషను ఆపి, ఆశీర్వదించి రాస్తున్నది.

స్కూలువాళ్ళు నీకు క్వార్టర్సు ఇచ్చారని విని సంతోషించాం. ఇక్కడ మాత్రం మీ నాన్న పట్టిన పట్టు విడవటం లేదు. ఈ ఏడు పరీక్షలయ్యేలోగా నీకు సంబంధం కుదరకపోతే ఉద్యోగం మాన్పించి ఇంటికి తీసుకొచ్చేస్తాడట. వెతికే పని నా నెత్తిన పెట్టాడు. పెళ్ళికొడుకుల సూట్లు కుట్టేదాన్ని కదా, నాకు తెలియని వరుడు ఉండడని వాడి నమ్మకం. అందుకని, నీ క్వార్టర్ల వరసలో ఎవరెవరు ఉన్నారో, ఎలాంటివాళ్ళో దాచకుండా రాయి.

నీ మేలు కోరే
దర్జీ అత్తయ్య

తా.క.: ఒడ్డూ పొడుగూ కూడా రాయి. నాకు గుణం కంటే ముందు కొలత తెలియాలి.

*

అత్తయ్యకి నమస్కారాలు.

ఇల్లు బాగుంది. ఇరుగుపొరుగుని పలకరించే తీరిక ఇంకా దొరకలేదు. వరస అన్నావు కాబట్టి చెబుతున్నాను, ఇప్పుడు నా ధ్యాసంతా మూడో వరస మీదే. ఎనిమిది మంది. పేర్లు రాస్తే నీకు నోరు తిరగదు, అందుకని అంకెలతో సరిపెట్టుకో.

మొదటివాడు మెత్తనివాడే, కానీ నీళ్ళు తగిలితే భగ్గుమంటాడు. ఐదోవాడు దానికి పూర్తిగా ఎదురు, నీళ్ళలో ఉన్నంతసేపే బుద్ధిమంతుడు. రెండోవాడు వెలిగితే కళ్ళు చెదిరిపోతాయి. మూడోవాడు సాదాసీదా, ప్రతి ఇంటి వంటగదిలోనూ కనిపిస్తాడు. నాలుగోవాడు ఎటు మొగ్గాలో తేల్చుకోడు. ఆరోవాడు పచ్చగా ముచ్చటగా ఉంటాడు గానీ రాజుకున్నాడంటే పక్కన నిలవలేం. ఏడోవాడి దగ్గరికి పోతే ప్రాణాలకే ముప్పు.

అసలు వింత ఇప్పుడు విను. మొదటివాడికి పైన ఉన్నది ఒక్కటే, దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని ఆత్రం. ఏడోవాడికి పైన ఒక్కటి తక్కువ, ఎవరి దగ్గరైనా లాక్కుందామని ఆత్రం. ఎనిమిదోవాడికి పైన ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. ఎవరి జోలికీ పోడు, ఏం చేసినా ఉలకడు పలకడు. ఒక్క అడుగు పక్కకి జరిగితే స్వభావమే మారిపోతుంది అత్తయ్యా! తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నాన్న ఉద్యోగం మాన్పిస్తే వీళ్ళని వదిలి నేను ఎలా ఉండగలను?

నీ
పిడుగు

తా.క.: నిన్న మొదటివాణ్ణి కత్తితో కోశాను. వెన్నలా తెగాడు! లోపలంతా వెండి మెరుపు.

*

చిరంజీవి పిడుగుకి,

అత్తయ్య మంచినీళ్ళు తాగి, స్థిమితపడి రాస్తున్నది.

కత్తి సంగతి మీ నాన్నకి చెప్పలేదు. ఆ పిల్లాడికి కట్టు కట్టించు. ఎనిమిది మందినీ వదిలి ఉండలేనంటే ఎలాగే? ఒకణ్ణి చూసుకోవాలి. నీళ్ళు చూస్తే మండిపడేవాడు స్నానం ఏం చేస్తాడు? ఐదోవాడేమో నీళ్ళలోంచి బయటికే రాడు. ప్రతి ఇంటి వంటగదిలోనూ దూరేవాణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వకు.

నాకు ఎనిమిదోవాడు నచ్చాడు. మేడ మీద ఎనిమిది గదులు! ఒకరి జోలికి పోడు, ఏమన్నా పలకడు. నా కాపురం మీద ఒట్టేసి చెబుతున్నాను, మొగుడనేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఆశీస్సులతో
అత్తయ్య

తా.క.: ఛాతీ కొలత వెంటనే పంపు. సూటు గుడ్డ తీశాను.

*

అత్తయ్యకి నమస్కారాలు.

నీ వేళాకోళం చదివి స్టాఫ్ రూములో అందరం పడీ పడీ నవ్వాం. ఛాతీ కొలతేమిటి, వాడు ఉత్త గ్యాసు కదా! పొద్దస్తమానం సీసాలోనే ఉంటాడు. అయినా నవ్వులాట పక్కన పెడితే, వాడు మన చుట్టూ ఎప్పుడూ ఉన్నాడు. మనం ఊపిరి తీసినప్పుడల్లా వచ్చి వెళుతున్నాడు, మనకి జాడే తెలియదు. ఎంత ఆశ్చర్యం!

శుక్రవారం ఈ వరస గురించి పెద్దల ముందు చెప్పాలి. బాగా చెబితే ఉద్యోగం ఖాయం చేస్తారు, నాన్నకి నా తరఫున చూపించడానికి ఒక ఆధారం దొరుకుతుంది. భయంగా ఉంది. నువ్వు వస్తే ధైర్యం.

నీ
పిడుగు

తా.క.: ఆ రోజు మొదటివాణ్ణీ ఏడోవాణ్ణీ ఒకే పెట్టెలో పెట్టి మూత వేస్తాను. ఏమవుతుందో చూద్దువుగాని!

*

పిడుగుకి,

ఆశీస్సులు తర్వాత.

గ్యాసంటే సర్దుకోవచ్చు. మీ మామయ్యకీ ఉంది, భోంచేసి నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. పొద్దస్తమానం సీసాతో ఉండటమేమిటే? దానికి నవ్వులా? పైగా ఊపిరి తగిలేంత దగ్గరగా తిరుగుతున్నాడా? శుక్రవారం వస్తున్నాను. వాడి కొలతలు నేనే తీస్తాను.

అత్తయ్య

తా.క.: నేను వచ్చేదాకా ఎవర్నీ పెట్టెలో పెట్టకు.

*

చిరంజీవి పిడుగు మేడమ్ గారికి,

అత్తయ్య సిగ్గుపడుతూ, గర్వపడుతూ రాస్తున్నది.

క్షేమంగా ఇల్లు చేరాను. పిల్లలూ పెద్దలూ అందరూ ఉన్న గదిలో, చేతిలో టేపుతో గుమ్మంలో నిలబడి "ఎనిమిదోవాడెవడు? బయటికి రమ్మనండి!" అని అరిచానే! ముందు బెంచీ అమ్మాయి "అదుగోనండీ, మూలకాల పట్టిక మూడో వరసలో ఎనిమిదోది, ఆర్గాన్" అని ఖాళీ గాజుగొట్టం చూపిస్తే, దాని వెనక ఎవరున్నారా అని వంగి చూశాను కూడా.

అప్పుడు నువ్వు స్విచ్చి వేశావు. ఖాళీ అనుకున్నది ఊదారంగులో వెలిగింది. ఇన్నేళ్ళుగా రంగురంగుల గుడ్డలు కోస్తున్నాను, ఆ రంగు ఏ తానులోనూ చూడలేదు. టేపు చేతిలోంచి జారిపోయింది.

ఆ తర్వాత సోడియాన్నీ క్లోరిన్‌నీ అద్దాల పెట్టెలో కలిపావు. ఒకడు మంట, ఒకడు విషం. పసుపుపచ్చగా భగ్గుమని ఆరాక గాజు లోపల తెల్లటి పొడి మిగిలింది. "ఏమిటమ్మా అది?" అని పెద్దాయన అడిగితే "ఉప్పు సార్" అన్నావు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను నిలబడే ఉన్నాను కాబట్టి కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి ఉప్పు డబ్బా మూత తీసి చూస్తూ ఉండిపోయాను. కూరలో ఉప్పేదని మీ మామయ్య కేకలేశారు. చెయ్యి రాలేదే, ఏం చెయ్యను!

నీ ఉద్యోగం ఖాయమైందని మీ నాన్నకి చెప్పాను. "అయితే మాత్రం, పెళ్ళో?" అన్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, పైన ఎనిమిదీ నిండినవాళ్ళకి వెలితి ఉండదురా. పాఠం చెబుతున్నప్పుడు దాని మొహం నేను చూశాను. మన పిల్ల ఎనిమిదో గడిలో ఉంది, కదపకు" అన్నాను. వాడికి ముక్క అర్థం కాలేదు. వరస మొత్తం చెప్పాను, మొదటివాడి నుంచీ, పైనున్న ఎలక్ట్రాన్ల లెక్కతో సహా. చివరికి "సరే అక్కా, అక్కడే ఉండనీ" అన్నాడు. అన్నాక కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఇక నీకు సంబంధాలు చూడను. ఇది నా మాట.

ఎప్పటికీ నీ
అత్తయ్య

తా.క.: వచ్చేటప్పుడు మీ ల్యాబు ఆయన్ని ఊరికే ఒక మాట అడిగాను. మైనస్ రెండువందల యాభై డిగ్రీలు దాటిన చలిలో ఆ ఎనిమిదోవాడు కూడా ఒకసారి జతకట్టాడట. ఈ ఏడు చలి గట్టిగా ఉంటుందంటున్నారు. నేనేమీ అనలేదు.